పుస్తకం మూసేశాక ఎంత గుర్తుంది?



ఎస్‌ఏ 1 పేపర్లు ఇచ్చిన రోజు పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. పక్కనే 10వ తరగతి చదివే వాళ్ల అమ్మాయి తల దించుకుని ఉంది. "మేడమ్, రోజూ రాత్రి పదకొండు దాకా నా కళ్ల ముందే చదువుతుంది. ఫోన్ కూడా ఇవ్వడం లేదు. అయినా సైన్స్‌లో సగం మార్కులు కూడా రాలేదు. దీని బుర్రకు ఎక్కదా ఏమిటి?" అని అడిగారు. ఆ మాట పాప వింటూనే ఉంది.

ఆ పాప ఫిజికల్ సైన్స్ టెక్స్ట్‌బుక్ తీసి చూశాను. లెన్సుల పాఠం మొత్తం పసుపు, గులాబీ, ఆకుపచ్చ హైలైటర్లతో నిండిపోయి ఉంది. కష్టపడలేదని ఎవరూ అనలేరు. పుస్తకం మూసేసి, తెల్ల కాగితం ఇచ్చి, "కాన్వెక్స్ లెన్స్ ముందు వస్తువును 2ఎఫ్ దగ్గర పెడితే ఇమేజ్ ఎక్కడ వస్తుందో గీసి చూపించమ్మా" అన్నాను. పెన్సిల్ పట్టుకుని రెండు నిమిషాలు అలాగే కూర్చుంది. గీత పడలేదు. పుస్తకం తెరిచి ఆ బొమ్మ చూపించగానే మాత్రం "ఇది నాకు తెలుసు మేడమ్!" అంది.

పాప అబద్ధం చెప్పలేదు. చూస్తే గుర్తుపట్టగలదు. కానీ పరీక్ష హాల్లో పుస్తకం ఉండదు, చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి. ఈ రెండూ వేర్వేరు పనులు. మన పిల్లల్లో చాలామంది రాత్రుళ్లు మేలుకుని మొదటి పని సాధన చేస్తున్నారు, పరీక్షలో రెండో పని చేయాల్సి వస్తోంది. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. ఇంకా మూడు నెలలు ఉన్నాయి కాబట్టి, ఈ పొరపాటును ఎలా సరిదిద్దుకోవచ్చో ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నాను.

మళ్లీ మళ్లీ చదివితే ఎందుకు చాలదు?

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల జాబితాలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే లెక్క కట్టుకున్నాడు. ఆ ఫలితాలను 1885లో ప్రచురించాడు. మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజులో మరుపు చాలా వేగంగా ఉంటుందని, ఆ తర్వాత నెమ్మదిస్తుందని ఆయన చూపించాడు. అంటే నిన్న చదివింది ఈ రోజు మర్చిపోవడం జబ్బు కాదు, సోమరితనమూ కాదు. మీ బుర్రకైనా, నా బుర్రకైనా జరిగేది అదే.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చి ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. మరో గుంపు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాసింది. 5 నిమిషాల తర్వాత అడిగితే ఎక్కువసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే లెక్క తారుమారైంది. చదువుతూ పోయినవాళ్లకు దాదాపు 40 శాతం గుర్తుంటే, రాసి చూసుకున్నవాళ్లకు దాదాపు 61 శాతం గుర్తుంది. ఇంకో విషయం గమనించండి. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది చదువుతూ పోయినవాళ్లే. మీ పిల్లలు "అంతా వచ్చేసింది" అని రాత్రి ధీమాగా చెప్పి, పొద్దున స్లిప్ టెస్ట్‌లో తెల్లమొహం వేయడానికి కారణం ఇదే.

నా మాట కూడా చెప్పాలి. బీఎడ్‌లో సైకాలజీ పేపర్‌కు ఈ మరుపు వక్రరేఖ మీద పెద్ద జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అయినా టీచర్‌గా మొదటి సంవత్సరం "ఈ పాఠం మూడుసార్లు చదువుకుని రండి" అనే హోంవర్క్ ఇచ్చాను. నేను రాసిన జవాబు నాకే ఎక్కలేదన్నమాట!

మూసి రాసే పద్ధతి

దీనికి ఖర్చు లేదు, యాప్ అక్కర్లేదు. రఫ్ నోట్‌బుక్ ఒకటి చాలు.

1. పాఠంలో ఒక చిన్న భాగం, రెండు మూడు పేజీలు, అర్థం చేసుకుంటూ చదవాలి.
2. పుస్తకం మూసి పక్కన పెట్టాలి. గుర్తున్నదంతా పాయింట్లుగా రాయాలి. బొమ్మ ఉంటే గీయాలి, ఫార్ములా ఉంటే రాయాలి.
3. పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి.
4. ఆ ఎర్ర భాగం మాత్రమే మళ్లీ చదివి, మళ్లీ మూసి రాయాలి.

మొదటి వారం పిల్లలకు ఇది చిరాకు తెప్పిస్తుంది. సగం కూడా గుర్తురాదు. "నాకేమీ రావట్లేదు" అని ఏడుపు మొహం పెడతారు. అప్పుడు దయచేసి తిట్టకండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. హాయిగా చదివేసినట్టు అనిపించిన రోజు కంటే, ఇబ్బంది పడుతూ రాసిన రోజే ఎక్కువ లాభం.

ఎప్పుడెప్పుడు తిరగేయాలి?

ఒక పాఠాన్ని ఒకే రోజు ఐదుసార్లు చదవడం కంటే, అదే ఐదుసార్లను కొన్ని వారాలకు పంచుకోవడం మేలు. మా క్లాసులో మేము పాటిస్తున్న లెక్క ఇది: పాఠం విన్న రోజు సాయంత్రం ఒకసారి, 3వ రోజు ఒకసారి, 7వ రోజు ఒకసారి, 21వ రోజు ఒకసారి. ఈ అంకెల్లో మంత్రమేమీ లేదు. రోజు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, మధ్యలో విరామం ఉండటం ముఖ్యం. రెండోసారి నుంచి ఒక్కో పాఠానికి 10, 15 నిమిషాలు చాలు. ముందు మూసి రాయడం, తర్వాతే తెరిచి చూడటం.

ఇది గుర్తుపెట్టుకోవడానికి గోడ మీది క్యాలెండర్ వాడండి. ఈ రోజు ట్రిగొనొమెట్రీ అయితే, 3వ, 7వ, 21వ తేదీల గడుల్లో చిన్నగా "ట్రిగ్" అని ఈ రోజే రాసి పెట్టించండి. పొద్దున్నే క్యాలెండర్ చూస్తే ఆ రోజు ఏం తిరగేయాలో తెలిసిపోతుంది. "ఈ రోజు ఏం చదవాలి?" అని ఆలోచించడంలోనే అరగంట పోయే బాధ తప్పుతుంది.

తప్పుల నోట్‌బుక్

దిద్దిన పేపర్ ఇవ్వగానే పిల్లలు మార్కులు చూసి బ్యాగులో కుక్కేస్తారు. మనమూ మార్కులు చూసి, పక్కింటి పిల్లాడికి ఎన్ని వచ్చాయో అడిగి వదిలేస్తాం. నిజానికి ఆ పేపర్ కంటే మంచి గైడ్ బజారులో దొరకదు.

ఒక 100 పేజీల నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి. మొదటి గడిలో మార్కు పోయిన ప్రశ్న. రెండో గడిలో ఎందుకు పోయిందో ఒక్క మాటలో: తెలియక, మర్చిపోయి, తొందరలో. మూడో గడిలో సరైన జవాబు, పిల్లల సొంత చేతిరాతతో. నాలుగైదు టెస్టులు అయ్యాక రెండో గడి పై నుంచి కిందకు చదవండి. "తెలియక" ఎక్కువ ఉంటే టీచర్‌ను కలిసి ఆ పాఠం మళ్లీ చెప్పించుకోవాలి. "మర్చిపోయి" ఎక్కువ ఉంటే క్యాలెండర్ పద్ధతి సరిగా సాగడం లేదు. "తొందరలో" ఎక్కువ ఉంటే గడియారం పెట్టుకుని పేపర్లు రాసే సాధన కావాలి. మూడు జబ్బులకూ "ఇంకా ఎక్కువసేపు చదువు" అనే ఒకే మందు పనిచేయదు.

సబ్జెక్టుకో తీరు

గణితం: గైడ్‌లో లెక్క చూసి "అర్థమైంది" అనుకోవడం పెద్ద ఉచ్చు. జవాబు చేత్తో మూసి మొదటి స్టెప్ నుంచి చేయాలి. చాప్టర్ ప్రకారం చేస్తే ఏ ఫార్ములా వాడాలో ముందే తెలిసిపోతుంది, పరీక్షలో అలా తెలియదు. అందుకే ఆదివారం ఐదు చాప్టర్ల నుంచి ఒక్కో లెక్క కలగలిపి ఇవ్వండి.

సైన్స్: గుండె నిర్మాణం, లెన్సుల రే డయాగ్రమ్‌లు చూడకుండా గీసి, భాగాల పేర్లు రాయాలి. ఫార్ములాతో పాటు యూనిట్ కూడా రాయడం అలవాటు చేయాలి.

సోషల్: ఖాళీ అవుట్‌లైన్ మ్యాప్‌లు కొని పెట్టండి. రోజుకు ఐదు స్థలాలు చాలు. పెద్ద జవాబులకు వాక్యాలు బట్టీపట్టకుండా ఆరు ముఖ్య పదాలు గుర్తుపెట్టుకుని, వాటి మీద సొంత వాక్యాలు కట్టాలి.

భాషలు: పద్యం నోటికి వస్తే సరిపోదు, తప్పు లేకుండా రాయగలగాలి. సంధులు, సమాసాలు రోజుకు నాలుగు. ఇంగ్లిష్‌లో లెటర్, కాంప్రహెన్షన్ వారానికి ఒక్కటైనా టైమ్ పెట్టుకుని రాయాలి.

ఇంట్లో టైమ్ టేబుల్

స్కూల్ నుంచి వచ్చి, కాస్త తిని, ఆడుకున్నాక మూడు విడతలు పెట్టండి. ఒక్కోటి 40 నిమిషాలు, మధ్యలో 10 నిమిషాల విరామం. మొదటి విడతలో ఆ రోజు పాఠాలు మూసి రాయడం. రెండో విడతలో క్యాలెండర్‌లో ఉన్న పాత పాఠాలు. మూడో విడతలో గణితం లేదా హోంవర్క్. ఆ సమయంలో ఫోన్ వేరే గదిలో ఉండాలి, పిల్లలదే కాదు, మీది కూడా! టీవీలో సీరియల్ నడుస్తుంటే పక్క గదిలో లెక్క నడవదు.

రాత్రి పదిన్నరకల్లా లైట్ తీసేయండి. చదివింది కుదురుకోవడానికి నిద్ర కావాలి. ఒంటిగంట వరకు మేలుకుని చదివి, పొద్దున నా క్లాసులో కునికిపాట్లు పడితే రెండు వైపులా నష్టం. ఆదివారం ఒక పూట సెలవు ఇవ్వండి. సంక్రాంతికి ఊరెళితే టెక్స్ట్‌బుక్కులన్నీ మోయించకండి, తప్పుల నోట్‌బుక్ ఒక్కటి చాలు.

మీకు ఇంగ్లిష్ రాకపోయినా

చాలామంది తల్లులు నాతో అంటారు, "మేము తెలుగు మీడియంలో చదివాం మేడమ్, అదీ మధ్యలో ఆపేశాం. మేమేం చెప్పగలం?" అని. నేను ఇంగ్లిష్ మీడియం టీచర్‌ని. అయినా చెబుతున్నాను, ఈ పనికి మీకు ఇంగ్లిష్ అక్కర్లేదు. రాత్రి వంట చేస్తూ, "ఈ రోజు సైన్స్‌లో ఏం చెప్పారు? నాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పు" అని అడగండి. ఇంగ్లిష్ వాక్యాలను అర్థం తెలియకుండా బట్టీపట్టిన పిల్లలు ఇక్కడే తడబడతారు. తెలుగులో అమ్మకు, నాన్నకు, నానమ్మకు చెప్పగలిగితే విషయం అర్థమైనట్టే. ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాయించడం మా పని. "ఎందుకలా?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు తప్పో ఒప్పో మీకు తెలియకపోయినా, చెప్పలేకపోయిన చోటు పిల్లలకే తెలిసిపోతుంది.

పరీక్ష హాల్లో

3 గంటల పేపర్ 80 మార్కులకు అయితే, మార్కుకు 2 నిమిషాల చొప్పున 160 నిమిషాలు. సరిచూసుకోవడానికి 20 నిమిషాలు మిగులుతాయి. 100 మార్కులకు అయితే మార్కుకు ఒకటిన్నర నిమిషం చొప్పున 150 నిమిషాలు, మిగిలేవి 30. ఈ లెక్క ప్రకారం ఇంట్లో వారానికి ఒక పాత పేపర్ రాయించండి. బాగా వచ్చిన ప్రశ్నలతో మొదలుపెట్టడం, ప్రశ్న నంబరు సరిగా వేయడం, ఒక్క ప్రశ్న దగ్గర ఇరుక్కుపోకుండా ముందుకు వెళ్లడం కూడా సాధనతోనే వస్తాయి.

చివరగా, మొదట చెప్పిన పాప సంగతి. ఆ మీటింగ్ తర్వాత హైలైటర్లు పక్కన పెట్టింది. మొదటి వారం మూసి రాసిన పేజీల్లో నీలం కంటే ఎరుపే ఎక్కువ. పోయిన వారం స్లిప్ టెస్ట్‌లో 20కి 13 వచ్చాయి. క్లాస్ ఫస్ట్ కాలేదు. కానీ రే డయాగ్రమ్ ఎవరినీ చూడకుండా గీసింది. గేటు దగ్గర వాళ్ల అమ్మ కనిపించి, "రోజూ నాకు పాఠం చెబుతోంది మేడమ్, నాకూ లెన్సులు వచ్చేస్తున్నాయి" అని నవ్వారు. ఆ పాప కూడా పక్కనే ఉండి ఆ మాట వింది.

ఈ రాత్రి మీ పిల్లలను "ఎన్ని గంటలు చదివావు?" అని అడగకండి. "పుస్తకం మూసి ఏదైనా ఒకటి చెప్పు" అని అడగండి. పది నిమిషాలు పక్కన కూర్చుని వినండి. మీ పిల్లలందరికీ మా ఉపాధ్యాయుల తరఫున ఆల్ ది బెస్ట్.