చెరువు ఇక్కడ... ధర అక్కడ!

పుట్టిల్లు పసిఫిక్ తీరం. పెరిగేది మన కోస్తాలో. తినేది అమెరికాలో. ప్రపంచీకరణ తెచ్చే లాభమూ, దిగులూ రెండూ తెలియాలంటే వెనామీ రొయ్య కథ వింటే చాలు.

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల రైతైనా రోజూ ఆరా తీసే సంగతులు రెండే. రొయ్య ఎంత కౌంటుకొచ్చింది? ఆ కౌంటుకి ఇవాళ రేటెంత? కిలోకి వంద తూగితే వంద కౌంటు, ముప్ఫై తూగితే ముప్ఫై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధరా ఎక్కువ. మొదటి ప్రశ్నకు జవాబు చెరువులోనే దొరుకుతుంది. రెండోదానికి సముద్రాలు దాటాలి.

అతిథిగా వచ్చి...

తొంభైల్లో ఇక్కడ రాజ్యమేలింది టైగర్ రొయ్య. వరి కంటే లాభమని పొలాలెన్నో చెరువులయ్యాయి. ఆ దశాబ్దం మధ్యలో తెల్లమచ్చల వైరస్ సోకి చాలా కుటుంబాలు అప్పులపాలయ్యాయి. ఉప్పునీళ్లు పక్క పొలాల్లోకి, తాగునీళ్లలోకి చేరుతున్నాయన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2009లో వెనామీ సాగుకు అనుమతి వచ్చింది. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న తీరం దాని సొంతూరు. వ్యాధుల్లేని తల్లి రొయ్యలు విమానంలో చెన్నై చేరి, అక్కడ పరీక్షలయ్యాక హేచరీలకు వెళ్తాయి. టైగర్ ఎక్కువగా చెరువు అడుగునే తిరుగుతుంది. వెనామీ నీళ్లంతా ఈదుతుంది. కాబట్టి అదే చెరువులో ఎక్కువ పిల్లల్ని వేయొచ్చు. మూడు నాలుగు నెలల్లో పట్టుబడి! మేత మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, ప్రాసెసింగ్ ప్లాంట్లు పెరిగాయి. తలలు తీసి, పొట్టు ఒలిచే పని ఎందరో మహిళలకు ఇల్లు గడిపింది. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానానికి చేరింది.

అక్కడ సుంకం... ఇక్కడ నష్టం

అంత సరుకుకీ పెద్ద కొనుగోలుదారు అమెరికా. చిక్కంతా అక్కడే. భారత్ సహా ఆరు దేశాలు మరీ చౌకగా అమ్ముతున్నాయని అక్కడి రొయ్యల వేటగాళ్లు 2003 చివర్లో ఫిర్యాదు చేశారు. వాళ్ల బాధా ఉత్తదేం కాదు. చెరువు రొయ్య చౌకగా దిగుతుంటే సముద్రంలో పట్టి తెచ్చినదానికి ధర పడిపోయింది. 2005లో మన రొయ్యలపై సుమారు 10 శాతం యాంటీ డంపింగ్ సుంకం పడింది.

ఇరవై ఏళ్ల తర్వాత మరో దెబ్బ. 2025 ఆగస్టు 27న భారత సరుకులపై అమెరికా అదనపు సుంకాలు 50 శాతానికి చేరాయి. అప్పుడు పోటీదారు ఈక్వెడార్‌పై ఉన్నది 15 శాతమే. ఆ తేడాని ఎవరు భరించాలి? అక్కడి దిగుమతిదారు ఇక్కడి ఎగుమతిదారు ధర కోస్తాడు. ఎగుమతిదారు రైతు ధర కోస్తాడు. రైతు ఎవరి ధర కోయాలి? సీడు, మేత, కరెంటు, లీజు... అన్నీ అప్పటికే ఖర్చయిపోయాయి.

పోనీ, ధర పెరిగేదాకా ఆగుదామా అంటే రొయ్య ధాన్యం కాదు, గోదాములో దాచడానికి. చెరువులో ఉన్నన్నాళ్లూ మేత తింటుంది, ఏరియేటర్లు తిరగాలి, తెగులు భయం సరేసరి. తొందరపడి పట్టేస్తే చిన్న రొయ్య, తక్కువ రేటు. అందరూ ఒకేసారి పడితే ఆ రేటూ నిలవదు.

మన బుట్టలోకి ఎప్పుడు?

ఒకే దేశాన్ని నమ్ముకుంటే ఇంతే. 2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందంలో మన రొయ్యలపై సుంకం ఎత్తివేతకు వీలు కల్పించారు. ఇలాంటి తలుపులు మరిన్ని తెరుచుకోవాలి. అయితే యాంటీబయాటిక్ అవశేషాలు కనిపిస్తే తెరిచిన తలుపూ మూసేస్తారు. ఆ జాగ్రత్త చెరువు దగ్గరే మొదలవ్వాలి.

మరో మార్కెట్టు మన ఊళ్లలోనే ఉంది. చెరువుల్లో పండే రొయ్యల్లో ఎక్కువభాగం విదేశాలకే పోతున్నాయి. ఒలిచి, శుభ్రం చేసి, ఐసులో పెట్టిన రొయ్యలు కరీంనగర్‌లోనూ కర్నూలులోనూ సరసమైన ధరకు అరకిలో దొరికితే కొనేవాళ్లకి కొదవుండదు. ఎగుమతిదారు ఈ ధరకైతేనే అన్నప్పుడు, వద్దులే అనగలిగే ధైర్యం అప్పుడు రైతుకి కాస్తయినా వస్తుంది.