రంగులేని తెరమీద రంగుల ఆట

తెరమీద గళ్ళుగళ్ళుగా ఒక బావి కనబడును. పైనుండి రంగురంగుల ముక్కలు దిగుచుండును. ఆడువాడు వానిని అటునిటు జరిపి, త్రిప్పి, ఒకే రంగువి ప్రక్కప్రక్కన చేరునట్లు పేర్చవలయును. చేరినవి మాయమగును. చేరనివి పేరుకొని బావి అంచుదాక వచ్చినచో ఆట ముగియును. ఇట్టి ఆటలు నేడు చేతిలోని ఫోనులందును ఉన్నవి. కాని ఇవి పుట్టినది లక్షల రంగులు చూపు తెరలు ఇండ్లలోనికి రాకమునుపే. నాలుగే రంగులు చూపు యంత్రములమీదను, అసలు రంగే లేని యంత్రములమీదను గూడ ఇవి చక్కగా సాగినవి. రంగే ప్రాణమని తోచు ఆట రంగు లేనిచోట ఎట్లు బ్రతికినదో తెలిసికొనదగియున్నది.

మొదట 'టెట్రిస్' సంగతి చెప్పవలయును. ఈ ఆటలకు అది పెద్దన్న వంటిది. అయినను ఒక్క విషయమున వీనికిని దానికిని పొత్తు లేదు. 1984లో మాస్కో నగరమున, సోవియట్ విజ్ఞాన అకాడమీవారి కంప్యూటరు కేంద్రములో పనిచేయుచుండిన అలెక్సీ పజిత్నోవ్ దానిని రచించెను. ఆయన వాడిన 'ఎలెక్ట్రానికా 60' అను యంత్రము బొమ్మలను గీయజాలదు. అక్షరములను, గుర్తులను మాత్రమే చూపగలదు. అందుచేత ఆయన బ్రాకెట్టు గుర్తులను జోడించి వానినే ముక్కలుగా చూపించెను. తరువాత వాడిమ్ గెరాసిమోవ్ అను పదునారేండ్ల విద్యార్థి ఆ ఆటను ఐ.బి.ఎం. కంప్యూటరునకు అనువుగా మార్చినప్పుడు ముక్కలకు రంగులు వచ్చినవి. కాని టెట్రిస్‌లో రంగు వట్టి అలంకారము. వరుస నిండినదా లేదా అనునదే అక్కడి నియమము. ముక్క ఎఱ్ఱనిదైనను పచ్చనిదైనను ఫలము ఒక్కటే.

రంగునే నియమముగా చేసిన ఆటలు వేరు. 1985లో జపాను దేశమున కునియాకి మోరిబే అను నాతడు 'చైన్ షాట్' అను ఆటను రచించెను. అందు తెరనిండ నాలుగు రంగుల ముక్కలుండును. ఒకే రంగువి రెండుగాని అంతకు మించిగాని తాకియున్నచోట నొక్కినచో ఆ గుంపంతయు తొలగిపోవును. పైవి క్రిందికి జారును. 1989లో జే గీర్ట్‌సెన్ 'కాలమ్స్' ఆటను చేసెను. మరుసటి సంవత్సరమే సెగా సంస్థ దానిని లోకమంతట వ్యాపింపజేసెను. 1990లో నింటెండోవారి 'డాక్టర్ మారియో', 1991లో కంపైల్ సంస్థవారి 'పుయో పుయో' వెలువడినవి. పేర్లు వేరైనను వీని లోపలి పని ఇంచుమించు ఒక్కటే.

ఆ లోపలి పనిని అర్థము చేసికొనుటకు మన పులిజూదము తోడ్పడును. అరుగు మీద గీతలు గీసి, గులకరాళ్ళను పులులనియు చింతపిక్కలను మేకలనియు అనుకొని ఆడుదురు. పిక్కకు కొమ్ములు లేకున్నను ఆటకు లోటు లేదు. ఏది పులియో ఏది మేకయో తెలిసిన చాలును. కంప్యూటరు చేయునదియు ఇదియే. అది రంగును చూడదు. దానికి కన్నులు లేవు. బావిలోని ప్రతి గడికిని తన మెమరీలో ఒక అంకె వ్రాసికొనును: గడి ఖాళీయైన 0, ఎరుపైన 1, ఆకుపచ్చయైన 2, నీలమైన 3. ఈ అంకెల పట్టికయే అసలైన ఆట. 'పుయో పుయో'లో అడ్డముగా ఆరు, నిలువుగా పండ్రెండు గళ్ళు కనబడును. అనగా డెబ్బదిరెండు అంకెలు. ఇంత చిన్నదగుటచేతనే ఆట ఒక యంత్రమునుండి మరియొకదానికి సులభముగా తరలిపోయినది. 1977లో వచ్చిన 'అటారి 2600' అను యంత్రమునకు తాత్కాలిక మెమరీ 128 బైట్లే. ఈ వ్యాసములో ఒక్క పేరా వ్రాయుటకైనను చాలదు. అట్టిదానికి గూడ 1990లో 'క్లాక్స్' అను రంగుల ఆట వచ్చెను. దాని బావి అయిదైదుల ఇరువదియైదు గళ్ళే గదా!

అంకెల పట్టికలో ఒకే రంగు గుంపును యంత్రము ఎట్లు కనుగొనును? 'పుయో పుయో'లో నాలుగు ముక్కలు తాకియుండవలయునని నియమము. యంత్రము ఒక గడిని పట్టుకొనును. అందు 2 ఉన్నదనుకొందము. దానికి పైన, క్రింద, కుడివైపున, ఎడమవైపున చూచును. వానిలో ఎక్కడ 2 ఉన్న అక్కడికి పోయి, చూచినట్లు గుర్తు పెట్టి, మరల నలువైపుల వెదకును. బట్టమీద పడిన సిరా మరక ప్రాకినట్లు ఈ వెదకుట ప్రాకును. ఇక 2 దొరకనప్పుడు గుర్తులను లెక్కించును. నాలుగుగాని అంతకు ఎక్కువగాని ఉన్నచో ఆ గళ్ళన్నిటిని 0 చేయును. పైవానిని క్రిందికి దించును. ఇంతటితో పని తీరలేదు. దిగిన ముక్కలు క్రొత్త ఇరుగుపొరుగులతో కలిసి మరియొక గుంపు కావచ్చును. కావున యంత్రము మొదటినుండి మరల వెదకును. అట్లు రెండవ గుంపు మాయమై, దానిపైవి దిగి, మూడవదియు ఏర్పడవచ్చును. దీనిని గొలుసు అందురు. ఆరితేరినవారు ఎదుట ఉన్న ముక్కను తీయుటకై ఆడరు; కావలెనని పెక్కు ముక్కలను తీయక నిలిపి, చివరి యొక్క ముక్కతో గొలుసంతయు తెగునట్లు పన్నుదురు. ఈ ఆటల అందమంతయు ఇందే ఉన్నది. ఊరక రంగులు జతపరచుట పసిబిడ్డల పని.

ఇక తెర సంగతి. పాత యంత్రములలో రంగులు కొద్దిగా నుండుటకు కారణము మెమరీ కొరత. 1981లో ఐ.బి.ఎం. కంప్యూటరుతోపాటు వచ్చిన రంగుల కార్డు తెరను అడ్డముగా 320, నిలువుగా 200 చుక్కలుగా విభజించెను. మొత్తము 64,000 చుక్కలు. ఒక చుక్కకు ఒక బిట్టు ఇచ్చిన రెండు రంగులు, రెండు బిట్లిచ్చిన నాలుగు, నాలుగు బిట్లిచ్చిన పదునారు రంగులు చూపవచ్చును. బైటునకు ఎనిమిది బిట్లు. రెండు బిట్ల చొప్పున 16,000 బైట్లు కావలెను. నాలుగు బిట్ల చొప్పున 32,000. ఆ కార్డులో ఉన్న మెమరీ 16,384 బైట్లు. కావున నాలుగు రంగులతోనే సరిపెట్టుకొనవలసివచ్చెను. అందు ఒకటి వెనుకనుండు రంగు. ముక్కలకు మిగిలినవి మూడే.

1982లో ఇంగ్లండునందు వెలువడిన 'స్పెక్ట్రమ్' అను చౌక కంప్యూటరు మరియొక ఉపాయము పన్నెను. రంగును చుక్కచుక్కకు గాక, అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలుండు గడికి ఒక్కసారి నిర్ణయించెను. తెరమీద 768 గళ్ళు, గడికొక బైటు. ఒక గడిలో రెండు రంగులకు మించరాదు. పరుగెత్తు మనుష్యుల బొమ్మలుండు ఆటలలో ఇది పెద్ద లోపము. చెట్టు ప్రక్కగా పోవు మనిషికి చెట్టు రంగు అంటుకొనును! కాని గళ్ళ ఆటలకు ఈ లోపము లోపమే కాదు. ముక్క గడిలో కుదురుగా కూర్చుండును. గడినుండి గడికి దుముకును. దానికి ఒక్క రంగు చాలును. ఆ యంత్రపు పొదుపును ఇట్టి ఆట తన సొమ్ముగా వాడుకొనగలదు.

1989లో నింటెండోవారు చేసిన 'గేమ్ బాయ్' చేతి యంత్రమునందు రంగే లేదు. ఆకుపచ్చ చాయగల తెరమీద నలుపునుండి తెలుపు వరకు నాలుగు ఛాయలు మాత్రముండును. అయినను 1990లో 'డాక్టర్ మారియో' దానిమీదికిని వచ్చెను. ఆ ఆటలో ఎరుపు, పసుపు, నీలము అను మూడు రంగుల క్రిములు ఒక సీసాలో నుండును. రెండు సగములు గల మందు గొట్టములను విడిచి, ఒకే రంగువి నాలుగు వరుసగా చేర్చి వానిని తొలగింపవలయును. గేమ్ బాయ్ మీద ఎరుపు, పసుపు, నీలములు పోయి వేరువేరు ఛాయలు వచ్చినవి. లోపలి అంకెలు మారలేదు, నియమము మారలేదు. ఆడువాడు ఆ భేదమును రెప్పపాటులో గుర్తింపగలిగెను, ఆట నడచెను.

రంగులెన్ని ఉండవలెననుట యంత్రముచేతనే గాక లెక్కచేతను తేలును. మూడు రంగులతో రెండు సగముల గొట్టములు ఆరు తీరులుగా చేయవచ్చును. నాలుగింటితో పది, అయిదింటితో పదునైదు. రంగులు పెరిగినకొలది కావలసినది వచ్చుట అరుదగును. మరీ తగ్గినచో ముక్కలు వాటంతటవే కలిసిపోవును. ఆడువాని తెలివికి పని యుండదు. పాత ఆటలు పెక్కింటిలో రంగులు మూడింటికిని ఏడింటికిని నడుమ నుండుట ఇందుచేతనే.

ఈ ఆటలు ఎదుర్కొనిన గట్టి చిక్కు యంత్రములో లేదు, కంటిలో ఉన్నది. కొందరికి పుట్టుకతోనే ఎరుపును ఆకుపచ్చను వేరుగా గుర్తించు శక్తి తక్కువ. ఉత్తర యూరపు సంతతి పురుషులలో ఇంచుమించు పన్నిద్దరికి ఒకరు ఇట్టివారు. స్త్రీలలో రెండువందలకు ఒకరు. దీనికి సంబంధించిన జన్యువులు ఎక్స్ క్రోమోజోముమీద నుండును. పురుషునకు అది ఒక్కటే. స్త్రీకి రెండు గలవు గనుక ఒకదాని లోపమును రెండవది కప్పిపుచ్చును. ఈ లోపమున్న బాలునకు తనకది ఉన్నట్లు పెక్కుమారులు తెలియనే తెలియదు. ముక్కలన్నియు ఒకే ఆకారమున నుండి, వానిలో ఎరుపును ఆకుపచ్చయు గూడ ఉన్న ఆటను ఆడి వాడు ఓడిపోవును. తోటివారు వాని బుద్ధి మందమందురు. వాడును అట్లే నమ్మును. గేమ్ బాయ్ తెర ఈ అన్యాయమును తెలియకయే తొలగించెను. అందరికిని రంగు లేనప్పుడు ఒకనికి తక్కువయని లేదు.

రంగుతోపాటు ఆకారమును గూడ మార్చిన ఆటలు ఈ పనిని తెలిసియే చేసినవో, అందముకొరకు చేసినవో గాని, మేలు మాత్రము చేసినవి. 1994లో రష్యా దేశస్థుడగు యెవ్గెనీ అలెమ్‌జిన్ 'షారికి' అను ఆటను చేసెను. ఆ మాటకు రష్యను భాషలో చిన్న బంతులని అర్థము. అందు ప్రక్కప్రక్కనున్న రెండు బంతులను తారుమారు చేసి, ఒకే రంగువి మూడు వరుసగా తేవలయును. 2001లో అమెరికాలోని పాప్‌క్యాప్ సంస్థ వెలువరించిన 'బిజువెల్డ్' నియమమును ఇదే. ఎనిమిది ఎనిమిదుల అరువదినాలుగు గళ్ళలో ఏడు విధముల రత్నములుండును. ఎఱ్ఱనిది చతురస్రము, ఊదారంగుది త్రిభుజము, తెల్లనిది గుండ్రము. ఇట్లు ప్రతిదానికిని తనదగు కోత యున్నది. ఈ తెరనుండి రంగులన్నియు తీసివేసినను చతురస్రము చతురస్రముగానే, త్రిభుజము త్రిభుజముగానే నిలుచును. 'షారికి' తెరనుండి తీసివేసినచో మిగులునవి బూడిదరంగు గోళీలు.