పాత సైన్యం తుపాకీ, పక్కింటి జింక మాంసం

నవంబరు 15 వచ్చిందంటే మిషిగన్‌లో చాలా ఊళ్ళలో బళ్ళకు సెలవు. పండగేమీ కాదు, తుపాకీతో జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రెండు వారాలూ గ్యాస్ స్టేషన్ల దగ్గర నారింజ రంగు కోట్లు, పికప్ ట్రక్కుల వెనక జింకలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన మనవాళ్ళకి మొదటిసారి చూస్తే కడుపులో తిప్పుతుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే నేరమే కదా! ఇక్కడ మాత్రం లైసెన్సు, సీజను, ఒక్కొక్కరు ఎన్ని కొట్టవచ్చో లెక్క, అన్నీ ప్రభుత్వమే పెడుతుంది. జింక, ఎల్క్, మూస్, ఎలుగుబంటి లాంటి పెద్ద జంతువులని 'బిగ్ గేమ్' అంటారు.

మన ఇంట్లో ఎవరూ వేటకి వెళ్ళకపోవచ్చు. కానీ పక్కింటివాళ్ళు వెళ్తారు, మన పిల్లలు వాళ్ళింట్లో ఆడుకుంటారు, వాళ్ళు ప్రేమగా ఇచ్చిన జింక మాంసం మన ఫ్రీజర్‌లోకి వస్తుంది. అందుకే ఈ సంగతులు మనకీ తెలిసి ఉండాలి. అందులోనూ కొందరు వేటగాళ్ళు ఇష్టంగా దాచుకునే పాత సైనిక తుపాకుల గురించి.

త్రీ నాట్ త్రీ ఇక్కడిదాకా

చిన్నప్పుడు ట్రెజరీ ముందో బ్యాంకు ముందో కానిస్టేబుల్ భుజాన పొడవాటి చెక్క తుపాకీ చూసే ఉంటారు. 'త్రీ నాట్ త్రీ' అంటారే, అదే బ్రిటిష్ వాళ్ళ లీ-ఎన్‌ఫీల్డ్. రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసింది. ఉత్తర కెనడాలో మంచు ప్రాంతాలు కాపలా కాసే కెనడియన్ రేంజర్లు 1947 నుంచి దీన్నే వాడారు. ధ్రువపు ఎలుగుబంట్ల నుంచి కాపాడుకోవడానికీ అదే. దాని బదులు కొత్త తుపాకీ చేతికి రావడం 2018లో మొదలైంది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ 1960లలో ఇదే తుపాకీని 7.62 తూటాకి మార్చి తయారుచేసింది. అవి కూడా మిగులు సరుకుగా అమెరికాకి వచ్చాయి. ఆర్.ఎఫ్.ఐ. అన్న ముద్రతో మన దేశపు తుపాకీ ఇక్కడి వేటగాళ్ళ ఇళ్ళలో కనిపిస్తుందన్నమాట.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జర్మనీ మౌజర్ 1898 నాటిది. రష్యా మోసిన్-నగాంట్ 1891 నాటిది, మూడు కోట్లకు పైగా తయారయ్యాయి. యుద్ధాలు అయిపోయాక దేశాలు వీటిని గుట్టలుగా అమ్మేశాయి. ఒకప్పుడు పోస్టులో తెప్పించుకునేవారు. 1963లో కెన్నెడీని చంపిన తుపాకీ కూడా అలా పోస్టులో వచ్చిన ఇటలీ సైన్యపు పాత తుపాకీయే. 1968 చట్టం పోస్టు అమ్మకాలకి అడ్డుకట్ట వేసింది. సోవియట్ యూనియన్ కూలిపోయాక మోసిన్లు చెక్కపెట్టెల్లో దిగాయి, వంద డాలర్ల లోపే దొరికేవి. కూలిపనివాడు కూడా కొనుక్కోగలిగాడు. బలమైన తూటా, చెక్కుచెదరని ఇనుము, తాతల జ్ఞాపకం. ఇష్టపడటానికి ఇంతకంటే ఏం కావాలి?

యుద్ధంలో వద్దన్నదే వేటలో తప్పనిసరి

తుపాకీ అదే అయినా తూటా అదే కాకూడదు. నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇదే.

సైన్యం వాడే బుల్లెట్ సీసం ముద్ద మీద రాగి లాంటి గట్టి లోహం పూర్తిగా తొడిగి ఉంటుంది. తగిలినా అంత తేలిగ్గా విచ్చుకోదు. 1890లలో కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో త్రీ నాట్ త్రీ బుల్లెట్ మొనమీద తొడుగు తీసేశారు. అది ఒంట్లో విచ్చుకుని ఘోరమైన గాయం చేసేది. 'డమ్‌డమ్ బుల్లెట్' అన్న పేరు అలా వచ్చింది. 1899 హేగ్ సమావేశంలో ఇలా విచ్చుకునే బుల్లెట్లు యుద్ధంలో వాడకూడదని ప్రకటించారు. బ్రిటన్ 1907లో దానికి ఒప్పుకుంది.

వేట చట్టం దీనికి సరిగ్గా వ్యతిరేకం. కొలరాడోలో బిగ్ గేమ్‌ని రైఫిల్‌తో కొట్టాలంటే విచ్చుకునే బుల్లెట్టే వాడాలి. ఇంకా చాలా రాష్ట్రాల్లో ఇలాంటి నిబంధనే ఉంది. ఎందుకంటే సైన్యపు బుల్లెట్ జింక ఒంట్లోంచి సన్నగా దూసుకుపోవచ్చు. ఆ దెబ్బతో జింక మైళ్ళకొద్దీ పరుగెత్తి, ఎక్కడో పొదలో గంటల తరబడి బాధపడి చస్తుంది. విచ్చుకునే బుల్లెట్ గుండెనో ఊపిరితిత్తులనో ఒక్కసారిగా దెబ్బతీసి తొందరగా ప్రాణం తీస్తుంది. చంపక తప్పనప్పుడు బాధ లేకుండా చంపాలన్నది ఈ చట్టంలోని ధర్మం.

చౌకగా దొరికిందని మిగులు తూటాల డబ్బాతో అడవికి వెళ్ళేవాడు మంచి వేటగాడు కాదు. తుపాకీ మీది చూపు కూడా సరిచూసుకోవాలి. పాత సైనిక తుపాకులు చాలావాటిలో గురి దూరంగా ఉన్న శత్రువుకి అమర్చి ఉంటుంది. దగ్గరలో ఉన్న జింకకి గురిపెడితే బుల్లెట్ అనుకున్నదానికంటే పైన తగులుతుంది. అందుకే బాధ్యత ఉన్నవాళ్ళు సీజనుకి ముందే కాగితం మీద కాల్చి చూసుకుంటారు, కొట్టగలమన్న నమ్మకం ఉన్న దూరం దాటి కాల్చరు.

ఉప్పు, ఉక్కు

సైన్సు చదివినదాన్ని కాబట్టి ఈ రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను.

పాత సైనిక తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక గొట్టంలో పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. మన వంటింటి ఉప్పుకి అది చెల్లెలు. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే అదీ గాలిలో తేమని లాక్కుని, ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. నూనె ఎంత పూసినా లాభం లేదు, ఉప్పు నూనెలో కరగదు. ముందు వేడినీళ్ళతో కడగాలి, బాగా ఆరబెట్టాలి, తర్వాతే నూనె. ఇది చేయనివాళ్ళ తుపాకుల గొట్టాలు లోపల గరుకుగా, గుంటలు పడి ఉంటాయి.

రెండోది అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 కథ. మొదట్లో దాని ఉక్కు ఎంత వేడెక్కిందో పనివాళ్ళు రంగు చూసి, కంటి అంచనాతో చెప్పేవారు, మనం పాకం చూసినట్టు. కానీ పట్టపగలు గ్యాస్ మంట సరిగా కనపడదు కదా, అలాగే ఎండ బాగా ఉన్న రోజు కాలిన ఉక్కు వెలుగు తక్కువగా కనిపించేది. ఇంకా వేడి చాలదనుకుని ఎక్కువ కాల్చేవారు. ఆ ఉక్కు పెళుసైపోయింది. 1917లో కొన్ని తుపాకులు పగిలాక విచారణ జరిగింది, తయారీ పద్ధతి మార్చారు. సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ ఇప్పటికీ హెచ్చరిస్తుంది: స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీవి 8,00,000 కంటే తక్కువ, రాక్ ఐలండ్ ఫ్యాక్టరీవి 2,85,507 కంటే తక్కువ నంబరున్నవి కాల్చవద్దని. తాతగారి గుర్తుగా దాచుకోవచ్చు, కాల్చకూడదు. ఏ పాత తుపాకీనైనా వాడేముందు గన్‌స్మిత్‌కి చూపించడం మంచిది.

మన గిన్నెలోకి వచ్చేసరికి

మా వీధి చివరి పెద్దాయన భార్య ప్రతి ఏడూ రెండు పొట్లాలు తెచ్చిస్తుంది. మొదట్లో తీసుకోవాలా వద్దా అని కాదు, ఎలా వండాలా అని ఆలోచించాను. ఇప్పుడు ముందు ఒక ప్రశ్న అడుగుతాను: "ఏ బుల్లెట్టండీ?" ఆమె నవ్వి, ఆయన్ని పిలుస్తుంది. ఆయన కొన్నేళ్ళుగా తన తండ్రి మౌజర్‌లో సీసం లేని రాగి బుల్లెట్లే వాడుతున్నాడు. ఇంట్లో మనవలు పుట్టాక మార్చాడట.

ఆ ప్రశ్నకి కారణం ఉంది. విచ్చుకునే సీసపు బుల్లెట్ ఎముకకి తగిలితే కంటికి కనపడనంత చిన్న ముక్కలు అవుతుంది. అవి గాయం నుంచి అడుగుకు పైగా దూరం పోగలవని ఎక్స్‌రేలలో తేలింది. ఖీమా చేస్తే మాంసమంతా కలిసిపోతాయి, ఎంత ఉడికించినా పోవు. 2008లో నార్త్ డకోటాలో 738 మంది రక్తం పరీక్షిస్తే, వేట మాంసం తినేవాళ్ళలో సీసం కొంచెం ఎక్కువగా కనిపించింది. గర్భిణులు, ఆరేళ్ళ లోపు పిల్లలు సీసపు బుల్లెట్‌తో కొట్టిన మాంసం తినకూడదని అప్పుడు ఆరోగ్య శాఖ చెప్పింది. పిల్లల మెదడుకి ఇంత సీసమైతే ఫరవాలేదు అన్న హద్దు లేదు.

రాగి బుల్లెట్ అయితే నిశ్చింతగా తీసుకోండి. సీసం అంటే, ఇంట్లో చిన్నపిల్లలుంటే, "పాప చిన్నది, ఇప్పుడు వద్దండీ, చాలా థాంక్స్" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో రెండు జాగ్రత్తలు

పిల్లల్ని ఎవరింటికైనా ఆడుకోవడానికి పంపేటప్పుడు, తుపాకీ ఉందా, తాళంలో ఉందా, తూటాలు విడిగా పెట్టారా అని అడగండి. గోడకి అలంకారంగా తగిలించిన వందేళ్ళ తుపాకీ కూడా పేలుతుంది. వేటకి వెళ్ళేవాళ్ళకి ఈ ప్రశ్న కొత్త కాదు. వేట లైసెన్సుకి ముందు చదివే పాఠాల్లో మొదటిదే, ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలని.

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, ఇక్కడి వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం వాటిలో ఒకటి. ఆఫీసు స్నేహితుడు "రా, ఒకసారి పట్టుకుని చూడు" అన్నా, షూటింగ్ రేంజ్‌కి పిలిచినా, మీవారికి ఈ మాట చెప్పండి. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగితే ఖర్చు తక్కువ.

ఈ నవంబరులో అడవి పక్క బాటల్లో నడకకి వెళ్తే పిల్లలకి నారింజ రంగు టోపీ పెట్టడం మరచిపోకండి.