బల్లకట్టు కిష్టయ్యను మన కుర్రకారుకు చూపించరూ?

ఆత్రేయపురం: పాత సినిమా అనగానే మన కుర్రాళ్లు మొహం తిప్పేసుకుంటున్నారు. నలుపు తెలుపు బొమ్మ, పద్యాలు, మూడు గంటల కూర్చోబాటు తమ వల్ల కాదంటున్నారు. తప్పంతా వాళ్లదే అనడానికి లేదు. చూపించే తీరు పెద్దలకూ తెలియడం లేదు.

ఎంతసేపూ 'మాయాబజార్' దగ్గరే మొదలుపెడతారు. 1957లో వచ్చిన ఆ చిత్రానికి 2010లో రంగులు కూడా అద్దారు. దాని సంగతి పిల్లలకు కొంతైనా తెలుసు. మొదలుపెట్టవలసింది మన రేవు నుంచి.

పూతరేకులకు పేరుపడ్డ ఈ మండలంలోనే పులిదిండి ఉంది. నరసాపురంలో పుట్టిన బాపు, ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ కలిసి తమ తొలి చిత్రం 'సాక్షి'ని మదరాసు సెట్టింగులు కాదని ఈ ఊళ్లో తీశారు. 1967లో విడుదలైంది. కృష్ణ, విజయనిర్మల నటించారు.

కథ చిన్నదే. బల్లకట్టు నడిపే కిష్టయ్య ఒక హత్య కళ్లారా చూస్తాడు. కోర్టులో ఉన్నమాట చెబుతాడు. హంతకుడు పగబట్టి అతని మీదికి వస్తున్నాడని తెలిసేసరికి, ఊళ్లో అండగా నిలిచేవాళ్లు కరువవుతారు. 1952 నాటి హాలీవుడ్ చిత్రం 'హై నూన్'లో ఉన్న చిక్కూ ఇదే. అక్కడ తుపాకులున్నాయి, ఇక్కడ కాలువ ఉంది, అంతే తేడా.

ఇది పాతబడిన కథేనా? గట్టు తగాదా అయినా, కొట్లాట అయినా, కళ్లతో చూసినవాడు కూడా "మనకెందుకొచ్చిన గొడవ" అని పక్కకు తప్పుకోవడం మనం ఎరగనిదా? బొమ్మ అయ్యాక కుర్రాళ్లను ఒక్కమాట అడగండి: "కిష్టయ్య స్థానంలో నువ్వుంటే చెబుతావా?" అరుగు మీద ఆ వాదన అర్ధరాత్రి దాకా సాగుతుంది.

ఎవరి సెల్‌ఫోనులో వాళ్లు చూస్తే మాత్రం పది నిమిషాలకే వేలు పక్కకు జరుపుతారు. నలుగురూ కలిసి పెద్ద తెర మీద చూడాలి. టూరింగు టాకీసుల్లో రీలు మార్చేటప్పుడు ఆగినట్టు మధ్యమధ్య ఆపాలి. బల్లకట్టంటే బళ్లనూ మనుషులనూ కాలువ దాటించే పలకల పడవ అని ఇప్పటి పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఒక్క రాత్రిలో పూర్తి కాకపోతే రెండు రాత్రులు పెట్టుకోవచ్చు.

దాని తరువాత 'మూగమనసులు' వేయవచ్చు. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు 1964లో అందించిన గోదావరి పడవవాడి కథ అది. పాటలు వాళ్ల అమ్మమ్మలకు నోటికి వచ్చు.

ఆలస్యం చేయడం మంచిది కాదు. తొలి తెలుగు టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఈనాడు చూద్దామన్నా లేదు. 'సాక్షి' ఉంది. కానీ ఆ షూటింగును పదేళ్ల వయసులో గట్టు మీద నిలబడి చూసినవాళ్లెవరైనా ఉంటే, వారికిప్పుడు డెబ్బై దగ్గర పడుతుంది. తెర కట్టిన రోజున ముందు కుర్చీ వాళ్లకే వేయండి. ఏ బొమ్మలో కనిపించేది ఏ రేవో, ఎవరి చావడో వాళ్లే చెబుతారు.