గాలి అదుపులో ఉంటేనే తీపి!
మొక్కజొన్న కండెల నుంచి జైలిటాల్ తయారీలో ఆక్సిజన్‌దే కీలక పాత్ర

కల్లూరు: గింజలు ఒలిచాక మొక్కజొన్న కండెలు పల్లెల్లో పొయ్యిలోకి చేరుతుంటాయి. వాటిలో జైలోస్ అనే చక్కెర దాగి ఉంది. దానిని ఈస్ట్‌తో పులియబెడితే జైలిటాల్ తయారవుతుంది. తీపిలో ఇది పంచదారకు దాదాపు సమానం. పంచదార గ్రాముకు 4 కేలరీలిస్తే, ఇది 2.4 కేలరీలే ఇస్తుంది. పళ్లను పుచ్చిపోనివ్వదన్న కారణంతో 1975లో ఫిన్లాండ్‌లో దీనిని చూయింగ్ గమ్‌లో చేర్చారు.

ఎక్కువైనా... తక్కువైనా నష్టమే

కండెలను పలుచని ఆమ్లంలో ఉడికించి జైలోస్‌ను రాబడతారు. ఈస్ట్ కణం మొదట జైలోస్‌ను జైలిటాల్‌గా మారుస్తుంది. ఆ తర్వాత జైలిటాల్‌ను కూడా తన ఎదుగుదలకు వాడుకుంటుంది. ఈ రెండో మెట్టు సాఫీగా సాగాలంటే ఆక్సిజన్ కావాలి. గాలి పుష్కలంగా అందితే ఈస్ట్ పెరుగుతుందే తప్ప జైలిటాల్ మిగలదు. గాలి పూర్తిగా ఆపితే కణాలు నీరసించి జైలోస్‌నే ముట్టవు. కొద్దిపాటి గాలి అందినపుడే రెండో మెట్టు మందగించి, జైలిటాల్ ట్యాంకులో పోగుపడుతుంది.

అందుకే తొలి గంటల్లో గాలి బాగా పంపి ఈస్ట్‌ను పెంచుతారు. తర్వాత గాలిని, కలియబెట్టే వేగాన్ని తగ్గిస్తారు. 30 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజనే కరుగుతుంది. దానిని ఈస్ట్ ఇట్టే వాడేస్తుంది. కాబట్టి గాలి సరఫరా ఆగరాదు. కరెంటు పోయి యంత్రం నిలిచిపోతే దిగుబడి దెబ్బతింటుంది.

హైదరాబాద్‌లో పరిశోధన

హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మొక్కజొన్న పీచు, చెరకు పిప్పి నుంచి క్యాండిడా ట్రాపికాలిస్ అనే ఈస్ట్‌తో జైలిటాల్ తయారుచేసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. అయితే పరిశ్రమల్లో ఇప్పటికీ నికెల్ ఉత్ప్రేరకంతో, అధిక పీడనంలో జైలోస్‌కు హైడ్రోజన్ చేర్చే పద్ధతిదే పైచేయి. ఈస్ట్ పద్ధతికి అంతటి వేడి, పీడనం అక్కరలేదు. కానీ గాలి లెక్క తప్పితే కండెలపై పెట్టిన ఖర్చూ రాదు.

వాడకంలో జాగ్రత్త

జైలిటాల్ మోతాదు మించితే విరేచనాలవుతాయి. కుక్కలకు ఇది విషం. రక్తంలో జైలిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు అధికంగా కనిపించిందని 2024లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు వెల్లడించారు. మధుమేహ రోగులు వైద్యుల సలహాతోనే వాడటం మేలు.