పళ్ల పట్టాపై కొండెక్కే రైలు

* పట్టాల మధ్యనే 'మెట్లు'
* నీలగిరి లైనుకు వానే గండం

తిరుత్తణి: ఇక్కడి మురుగన్ కొండకు 365 మెట్లు. మెట్లుంటే పిల్లలూ పెద్దలూ మెల్లగా ఎక్కేస్తారు. మరి రైలు ఎలా ఎక్కాలి? నున్నటి పట్టాపై ఇనుప చక్రం ఏటవాలులో జారిపోతుంది. అందుకే నీలగిరి రైలుకూ మెట్లు వేశారు.. ఇనుప పళ్లతో!

రాత్రి చెన్నై సెంట్రల్‌లో బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తిరువళ్లూరు, అరక్కోణం మీదుగా సాగి ఉదయానికి మేట్టుపాళయం చేరుతుంది. అక్కడి నుంచి ఊటీకి 46 కి.మీ. మీటర్‌గేజి లైను. 326 మీటర్ల ఎత్తులో మొదలై 2,203 మీటర్లకు చేరుతుంది. దారిలో 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. 1854లో ప్రతిపాదన వచ్చినా పనులు మొదలైంది 1891లో. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు రైలు నడిచింది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పన్ను వదలని పట్టు
కల్లార్-కూనూరు మధ్య అసలు కష్టం. 12 అడుగులు ముందుకెళితే ఒక అడుగు పైకి ఎక్కాలి. ఇక్కడ స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ పద్ధతి వాడారు. పట్టాల నడుమ రెండు పళ్ల పట్టీలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని పన్ను పక్కన రెండోదాని సందు వస్తుంది. ఇంజను కిందున్న పళ్ల చక్రాలకు ఒక పన్ను వదిలేలోగా ఇంకోటి దొరుకుతుంది. ఆవిరినీ వృథా పోనివ్వరు. మామూలు చక్రాలను తిప్పిన ఆవిరే మళ్లీ పళ్ల చక్రాలను తిప్పుతుంది.

ఇంజను వెనకే ఎందుకు?
కొండ ఎక్కేటప్పుడు ఇంజను వెనక నుంచి నెడుతుంది. లింకు తెగినా పెట్టెలు లోయలోకి జారకుండా అడ్డుగా ఉంటుందన్నమాట. సొరంగాల్లో పొగ కూడా పెట్టెల వెనకే ఉండిపోతుంది. పెట్టె పెట్టెకూ ఒక బ్రేక్‌మన్ ఉంటారు. కూనూరు దాటాక పళ్ల పట్టీ ఉండదు, డీజిల్ ఇంజను లాగుతుంది.

పాత స్విస్ ఇంజన్లు అరిగిపోతుంటే తిరుచ్చి పొన్మలై వర్క్‌షాప్ ఆ పని అందుకుంది. 2011 నుంచి అదే తరహా ఆవిరి ఇంజన్లను అక్కడే తయారు చేసింది.

వాన పడితే..
ఇంతటి పనితనానికీ ఓ బలహీనత ఉంది. ఉన్నది ఒక్కటే లైను. కొండచరియ విరిగి ఒక్క చోట పడినా రైలు ఆగాల్సిందే. 2023 నవంబరులోనూ అలాగే సర్వీసులు రద్దయ్యాయి. పళ్ల పట్టీ దెబ్బతింటే సరిచేసేదాకా బండి కదలదు. అందుకే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఊటీ ప్రయాణం పెట్టుకునేవారు కొండ రైలు నడుస్తోందో లేదో ముందే కనుక్కుని బయలుదేరడం మంచిది. లేదంటే మేట్టుపాళయంలో దిగి బస్సెక్కాల్సిందే.