పికప్ ట్రక్కు అద్దం పక్కన ఆ గుండ్రటి మీటర్లు ఎందుకు?

అమెరికాలో బరువైన ట్రెయిలర్లు లాగే కొన్ని డీజిల్ పికప్ ట్రక్కుల్లో, ముందు అద్దం పక్కనున్న స్తంభానికి రెండు మూడు గుండ్రటి మీటర్లు బిగించి ఉంటాయి. ఇంజిన్ వేడి చూపే ముల్లు డాష్‌బోర్డులో ఉందిగా, మళ్లీ ఇవెందుకంటారా?

ఆ ముల్లు చూపేది ఇంజిన్ చుట్టూ తిరిగే నీళ్ల వేడిని. పొయ్యి మంట పెంచగానే గిన్నెలో నీళ్లు మరిగిపోవు కదా! ట్రక్కు కొండెక్కుతుంటే డీజిల్ ఎక్కువ మండి, పొగ క్షణాల్లో వేడెక్కుతుంది. నీళ్లు కాగేలోపే పిస్టన్లు దెబ్బతినొచ్చు. చాలా పిస్టన్లు అల్యూమినియంవి, అది దాదాపు 660 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. అందుకే ఒక్క మీటరే కొనగలిగితే పొగ వేడి కొలిచేదే కొనమంటాను. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, గేర్‌బాక్సు నూనె వేడి చూపేవి తర్వాత.

ఆ మీటరు కోసం పొగలో ఉండేది సన్నని లోహపు పుల్ల. లోపల రెండు వేర్వేరు లోహాల తీగలు కలిసినచోట వేడి తగిలితే రవ్వంత కరెంటు పుడుతుంది. సీబెక్ అనే శాస్త్రవేత్త 1821లో కనిపెట్టిన వింత ఇది! కరెంటు పెరిగేకొద్దీ ముల్లు పైకి కదులుతుంది.

ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో చక్రాన్ని తిప్పాక పొగ కాస్త చల్లబడుతుంది. కాబట్టి పుల్లను టర్బోకి ముందే, పొగగొట్టానికి రంధ్రం చేసి బిగిస్తారు. డ్రిల్లు మొనకి గ్రీజు రాస్తారు, ఇనుప రజను దానికే అంటుకుంటుంది. లోపల పడితే టర్బో రెక్కలకు ముప్పే.

ఇక మీటర్లు అద్దం పక్క స్తంభం మీదైతే డ్రైవరు తల దించక్కర్లేదు. అయితే కొన్ని బండ్లలో ఆ స్తంభంలోనే ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. అప్పుడు మీటర్లకు డాష్‌బోర్డు పైభాగమే చోటు.